గుట్ట ఎక్కితే కాగే జీపు

ముందుగాల గొప్పలు

జనగామ రైల్వే గేటు అవతల జీపు ఆగితే, ఇవతల మంచం మీద పండుకొని దాని రోగం చెప్పేటోన్ని నేను. బానెట్ ఎత్తే పని లేదు, చప్పుడు చాలు. జనగామ, మానుకోట, భూపాలపల్లి, ఈ మూడు దిక్కుల ఐలయ్య చెయ్యి పడని జీపు లేదని డ్రైవర్లు చెప్పుకునేటోళ్లు.

అట్ల చెప్పింది ఒక్కసారే. అదిగూడ ఆ డ్రైవర్ పొద్దుగాల్నే ఫోన్ చేసి "ఐలన్నా, ఫ్యాన్ బెల్టు కిర్రుమంటాంది" అన్నంక. పక్కన కూసున్నోళ్లకు ఆ ఫోన్ సంగతి తెల్వదు. నేను చెప్పలేదు. ఇగ డ్రైవర్లు చెప్పుకునేటోళ్లు అన్న గదా, ఆ మాట మొదలు చెప్పింది నేనే.

షెడ్డు మూసి రెండేండ్లయింది. ఇప్పుడు జనగామలో ఇంటి ముందట కుర్చీ ఏసుకొని కూసుంటున్న. ఈ పనిలోకి కొత్తగ వచ్చేటోళ్ల కోసం నాలుగు ముక్కలు రాయాలనిపించింది. ఎన్ని బండ్లు చేసిన, ఎవరు శాలువ కప్పిండ్రు అనేవి రాయను. శాలువ ఎవరూ కప్పలేదు, అది వేరే సంగతి. పాత జీపుల ఇంజన్ కాగుడు ఒక్కటే రాస్త. దాని ఎంబడి నలభై యేండ్లు తిరిగిన, చివరికి అదే నన్ను బడిలో నిలబెట్టినట్టు నిలబెట్టింది.

మొదలు ఒకటి అర్థం చేసుకోండ్రి. ఇంజన్ లోపల నిమిషానికి వందలసార్లు నిప్పు అంటుకుంటది. ఆ నిప్పుకూ, పక్కన పారే నీళ్లకూ నడుమ వేలెడు మందం ఇనుము ఉంటది, అంతే. ఒకదాని పక్కన ఒకటి, గోడ చాటున కాపురం చేస్తయి. నీళ్లు వేడెక్కి పై పైపు పట్టుకొని రేడియేటర్ నెత్తిమీదికి పోతయి. అక్కడి నుంచి సన్న గొట్టాలల్ల కిందికి దిగుకుంట, ఫ్యాన్ గాలికి సల్లబడి, కింది పైపు నుంచి మళ్ల ఇంజన్ లోకి వస్తయి. ఈ తిరుగుడు ఆగితే పది నిమిషాలల్ల ఇనుము వంకర పోతది. ఇన్నేండ్లు చూసిన గానీ, నడుస్తున్న ఇంజన్ మీద బానెట్ ఎత్తితే ఇప్పటికీ నాకు చేతులు జోడించబుద్ధి అయితది. మీకు అట్ల అనిపించకపోతే వేరే పని చూసుకోండ్రి. బట్టల దుకాణం మంచిది, నూనె మరకలు కావు.

ఉస్తాద్ చెప్పింది, నేను విన్నది

పని నేర్చుకున్నది జనగామలో ఖాజా ఉస్తాద్ దగ్గర. కోపం రాని మనిషి. పానా జారి వేలు చితికితే గూడ "యా అల్లా" అని ఊకునేటోడు. ఇంజన్ దగ్గరికి పోతే ముందు చెవి పెట్టేటోడు, తర్వాత ముక్కు పెట్టేటోడు, చెయ్యి చివరకు.

ఒకనాడు ఆయన ఇంజన్ ముంగట ఇత్తడి మూత ఇప్పి లోపలి నుంచి ఒక చిన్న సామాను తీసిండు. రూపాయి బిళ్ల కన్నా జర పెద్దగ, కింద చిన్న బుడిపె, దానికి స్ప్రింగు. పుస్తకాలల్ల దాన్ని థర్మోస్టాట్ అంటరు. మేం వాల్వ్ అనేటోళ్లం. ఇంజన్ సల్లగున్నప్పుడు అది రేడియేటర్ దారి మూస్తది. నీళ్లు పక్కనున్న చిన్న దారిన ఇంజన్ లోపల్నే తిరుగుతయి, ఇంజన్ జల్ది వేడెక్కుతది. వేడెక్కినంక రేడియేటర్ దారి తెరుస్తది. తెరిచేటప్పుడే కిందికి జరిగి ఆ చిన్న దారిని మూస్తది. ఒక్క కదలికకు రెండు తలుపులు, ఒకటి తెరుచుడు, ఒకటి మూసుడు.

"ఐలూ, ఇది సలి దేశపోళ్ల కోసం పెట్టింది," అన్నడు ఉస్తాద్. "మన ఎండలకు ఇది ఎందుకు? కొందరు తీసి పారేస్తరు. కానీ బేటా, తీస్తే ఆ చిన్న దారికి బిరడా కొట్టాలె. యాద్ పెట్టుకో."

మొదటి సగం యాదున్నది. రెండో సగం కొట్టుకపోయింది. ఎందుకంటే అల్యూమినియం ముక్కను ఆకురాయితో రాకి, ఆ బొక్కకు సరిపోయేటట్టు బిరడా చెయ్యాలంటే ఒక గంట పడతది. నాకు ఇరవై యేండ్లు, మ్యాట్నీ ఆటకు టైమైతాంది. బిరడా లేకుంట మూత బిగించిన. బండి స్టార్టు చేస్తే మంచిగనే నడిచింది. ఆనాడే అది ఆగిపోయి ఉంటే నాకు బుద్ధి వచ్చేది. మన పనిలో తప్పు చెయ్యంగనే శిక్ష పడదు, గదే మోసం.

భూపాలపల్లి బొగ్గు దుబ్బ

తర్వాత భూపాలపల్లిలో బొగ్గు లారీలు నడిపే ఒక కాంట్రాక్టర్ యార్డులో జీపుల మెకానిక్‌గ చేరిన. అక్కడ మా వర్క్‌షాప్ మీద శంకర్ సారు ఉండేటోడు. మనిషి నవ్వంగ నేను చూడలేదు. మెచ్చుకునుడు ఆయన ఇంటా వంటా లేదు.

వచ్చిన మొదటి వారం ఒక జీపు కాగుతాందని తెచ్చిండ్రు. నేను ఉరికిపోయి పానా పట్టిన.

"ఏయ్, చేతులు ఎనుకకు కట్టుకో," అన్నడు సారు.

"ఏంది సార్?"

"చేతులు ఎనుకకు కట్టుకొని పది నిమిషాలు చూడు. ఏం ముట్టకు."

పది మంది డ్రైవర్ల నడుమ, బడి పోరని లెక్క చేతులు కట్టుకొని నిలబడ్డ. లోపల తిట్టుకున్న. ఎనిమిదో నిమిషంల కనిపించింది. రేడియేటర్ జల్లి కండ్లు మొత్తం బొగ్గు దుబ్బతో పూడుకపోయినయి. గాలి ఆడే సందు లేదు. ఇంజన్ వైపు నుంచి బయటికి నీళ్లు కొట్టి కడిగితే జబ్బు పోయింది. ఒక్క పానా తిప్పలేదు.

ఆయన మంచి బాస్ అని చెప్పను. మా తోటోనికి జ్వరమొస్తే గూడ సెలవియ్యలేదు, అది నేను మరువను. కానీ చూసే విద్య నేర్పింది ఆయనే. ఆయనున్నన్ని దినాలు చూసిన, ఆయన కన్ను మరలంగనే మళ్ల పానా పట్టిన.

కాగిన రేడియేటర్ మూత ఇప్పింది గూడ ఆడనే. నా కుడి మోచెయ్యి మీద అరచేయంత మచ్చ ఉన్నది. పులి గోకిందని నా మనుమరాలికి చెప్పిన. భూపాలపల్లి అడివి గదా, నమ్మింది. పులి లేదు, ఏం లేదు. మూత మీద గుడ్డ ఏసి, ఇంజన్ సల్లబడేదాక ఆగి ఇప్పాలె. నేను ఆగలేదు. మరిగే నీళ్లు చెట్టంత ఎత్తు లేచినయి.

ఇంకొకటి. రేడియేటర్ కారితే పసుపు పోసి, భూపాలపల్లి నుంచి జనగామ దాక జీపు తెచ్చిన్నని మానుకోటలో అందరికీ చెప్పిన. పసుపు పోసింది నిజం. పసుపు ఉబ్బి బొక్క మూసింది, అదీ నిజం. వచ్చింది మాత్రం పరకాల దాక. ఆడికెల్లి ట్రాక్టర్ కట్టి గుంజుకొచ్చినం. ఆ పసుపు రేడియేటర్ గొట్టాలల్ల ముద్దగట్టి, దాన్ని తీసుడు రెండు దినాల పనైంది. దారిల దిక్కు లేనప్పుడు తప్ప ఆ పని చెయ్యకుండ్రి.

నా చేతి మందు

మానుకోటలో సొంత షెడ్డు పెట్టినంక నాకొక పేరొచ్చింది. కాగే జీపుకు ఐలయ్య దగ్గర మందున్నదని. ఆ మందు ఏంటిదంటే వాల్వ్ తీసేసుడు. తీసిన వాల్వ్‌లు ఒక డాల్డా డబ్బాలో ఏసేటోన్ని. డబ్బా నిండింది. వచ్చినోళ్లకు చూపించి "ఇవన్ని నేను బతికిచ్చిన ఇంజన్లు" అనేటోన్ని.

బద్రు అప్పుడే వచ్చిండు. కొత్తగూడ అవతల అడివి అంచున ఒక తండా ఆయనది. తండాకూ తారు రోడ్డుకూ నడుమ ఒక వాగు, వాగు దాటంగనే ఒక గుట్ట. వాన పడ్డదంటే ఆ బురదలో ఆటో రాదు, అంబులెన్స్ రాదు, బైకు గూడ జారుతది. నాలుగు చక్రాలూ లాగే జీపు ఒక్కటే ఎక్కుతది. అందుకే తండా అంతా కలిసి ఒక పాత ఫోర్ వీల్ జీపు కొన్నది. నడిపేది బద్రు.

నేను సర్వీసు చేసి, నా మందు ఏసిన. "ఇగ మంచు గడ్డ లెక్క ఉంటది పో తమ్మీ."

మానుకోట రోడ్డు మీద మంచు గడ్డ లెక్కనే ఉన్నది. గుట్ట మీద కాగింది. లో గేర్‌లో, ఫోర్ వీల్‌లో, బురదలో మూలుగుకుంట ఎక్కేటప్పుడు సగం గుట్ట కాడ ఆవిరి కక్కేది. మొదటిసారి రేడియేటర్ ఇప్పి గొట్టాలు కడిగిచ్చిన. మళ్ల కాగింది. వాటర్ పంపు మార్చిన. మళ్ల కాగింది.

"నువ్వు నడుపుడు సక్కగ లేదు బద్రూ. జనాన్ని గొర్లలెక్క ఎక్కిస్తవ్," అన్న.

"ఎనిమిది మందినే ఎక్కిచ్చిన్నే ఐలన్నా."

"ఎనిమిది ఎక్కువనే మరి."

తప్పు మనదని తెలిసినప్పుడు గూడ డ్రైవర్ మీదికి తోసుడు మా మెకానిక్‌ల పాత అలవాటు. నాకైతే తెల్వను గూడ తెల్వదు.

ఆ యేడు వానకాలం బద్రు తమ్ముని భార్యకు నొప్పులొచ్చినయి. జీపు సగం గుట్ట మీద కాగి ఆగింది. ఎంత సేపైనా సల్లబడదాయె. చీర విప్పి కట్టెకు జోలె కట్టి, నలుగురు భుజాల మీద ఆమెను గుట్ట దాటిచ్చిండ్రు. తల్లీ బిడ్డా బతికిండ్రు. ఎట్ల బతికిండ్రో తండా వాళ్లకే తెల్వదు.

బద్రు వచ్చి ఇది చెప్పినప్పుడు నేను "అయ్యో" అన్న. ఇంజన్ తలకాయ కింది రేకు, హెడ్ గ్యాస్కెట్, పోయుంటదన్న. ఇంజన్ ఇప్పిన, గ్యాస్కెట్ మంచిగనే ఉన్నది. కొత్తది ఏసి బిగించిన. ఏం దొరకలేదని మాత్రం చెప్పలేదు.

సక్రి అవ్వ అరచెయ్యి

మరుసటి వానకాలం ముంగట బద్రు ఫోన్ చేసిండు. ఈసారి గొంతు వేరే తీరుగ ఉన్నది.

"ఐలన్నా, జీపు తండాలనే ఉన్నది. నువ్వే రావాలె."

ఆయన బిడ్డ మంజుల తొలి కాన్పుకు వచ్చింది. కడుపులో బిడ్డ ఎదురుకాళ్ల మీద ఉన్నదట. ఇంటి కాడ కాన్పు చేస్తే ప్రాణానికి మోసం, నొప్పులు మొదలైతే ఆగకుంట తీసుకరావాలె, అసలైతే పది దినాల ముందే వచ్చి చేరుండ్రి అని మానుకోట పెద్ద దవాఖానలో చెప్పిండ్రు. ఇంకా పదిహేను దినాల టైమున్నది. ఇంతల మబ్బులు కమ్మినయి. గుట్ట మీద ఒకసారి నడిపి చూద్దామని బద్రు జీపు తీసిండు. ఒట్టి జీపే, మనుషులు గూడ లేరు. కాగింది.

పానాల సంచి పట్టుకొని కొత్తగూడ దాక బస్సులో, ఆడికెల్లి బద్రు బైకు మీద పోయిన. జీపు వాళ్ల గుడిసె ముంగట ఉన్నది. గుట్ట మీదికి జరంత దూరం తోలి, ఇంజన్ కుతకుతలాడుతుంటే మళ్ల తెచ్చి నిలబెట్టినం. బానెట్ ఎత్తిన. ఏం జెయ్యాలో తోచలేదు. ఇప్పాల్సినవన్ని ఇంతకుముందే ఇప్పిన, మార్చాల్సినవన్ని మార్చిన. మంజుల వాకిట్ల మంచం మీద కూసొని నన్నే చూస్తాంది. ఆ పిల్ల చూపు తప్పించుకోను నేను ఇంజన్ల తల పెట్టిన.

బద్రు తల్లి సక్రి అవ్వ వచ్చింది. తండాలో సగం మందిని ఈ లోకంలోకి పట్టుకొచ్చిన చేతులు ఆమెవి. ఈ కాన్పు నాతోటి కాదు అని ముందుగాల చెప్పింది గూడ ఆమెనే. "జర జరుగు కొడుకా," అని నన్ను పక్కకు నూకింది.

"అవ్వా, కాలుతది!"

"పొయ్యి కాడ డెబ్బై యేండ్లాయె. నాకు చెప్తున్నవా?"

పిల్లగాని నొసలు ముట్టి జ్వరం చూసినట్టు, అరచెయ్యి రేడియేటర్ కింది భాగం మీద ఆనిచ్చింది. తీయలేదు. తర్వాత కింది పైపు పట్టుకున్నది. దాన్నీ తీయలేదు. తర్వాత ఇంజన్ దిక్కు చెయ్యి చాపి, ముట్టకుంటనే వేడికి వెనక్కి తీసింది.

"తల కాలిపోతాంది. కాళ్లు గోరువెచ్చగ ఉన్నయి," అన్నది. "పసిపిల్లలకు గిట్లనే అయితది. నెత్తురు కిందికి దిగుతలేదు. నీ నీళ్లు ఈడిదాక వస్తలేవు కొడుకా, వేరే యాడనో తిరుగుతున్నయి."

పానా కింద పెట్టిన. మూడు జాగలల్ల నలభై యేండ్లు ఉప్పు తిన్నోన్ని. ఆమె జీపు స్టీరింగు గూడ ముట్టలేదు. వేరే యాడనో తిరుగుతున్నయి! ఎక్కడ తిరుగుతయి? ఒక్కటే జాగ ఉన్నది. ఆ చిన్న దారి. నేను వాల్వ్ తీసి, బిరడా కొట్టకుంట, గేటు లేని దొడ్డి లెక్క వదిలేసిన దారి. నీళ్లకు దగ్గరి దారి దొరికితే దూరం దారి ఎందుకు పోతయి? సగం నీళ్లు రేడియేటర్ మొఖం చూడకుంట, వేడి వేడిగనే ఇంజన్ లోపల గుండ్రంగ తిరుగుతున్నయి. సాపు రోడ్డు మీద ఇంజన్‌కు బరువు లేదు గనుక గడిచింది. గుట్ట మీద బండారం బయటపడ్డది.

పోయినేడు గుట్ట మీద జోలె కట్టిచ్చింది నేనే.

బద్రు నా మొఖం చూసి "ఏమైందే?" అన్నడు.

"లోపల వాల్వ్ ఖరాబైంది," అన్న. అబద్ధం నోట్లోంచి ఎంత సులువుగ వచ్చిందో. మూత ఇప్పిన, అక్కడ ఏం లేదు. బద్రు వంగి ఆ ఖాళీ జాగను చూసిండు. నన్ను చూసిండు.

మైనం

మరునాడు వరంగల్ పోయి, నాలుగు దుకాణాలు తిరిగి ఆ ఇంజన్‌కు సరిపోయే కొత్త వాల్వ్ పట్టుకొచ్చిన. పొద్దుగూకేటాల్లకు తండాకు చేరిన. కొత్త సామానని నమ్మి బిగించొద్దు, ఉడకబెట్టి చూడాలె. సక్రి అవ్వ పొయ్యి మీద గిన్నెలో నీళ్లు పోసి, వాల్వ్‌ను దారంతోటి ఏలాడదీసి ముంచిన. ఇంటిల్లిపాది చుట్టూ కూసున్నరు. మంజుల గూడ నడుం పట్టుకొని వచ్చి కూసున్నది.

నీళ్లకు బుడగలు రాకముందే, గిన్నె అంచున సన్నగ చప్పుడైతున్నప్పుడు, వాల్వ్ కదిలింది. మెల్లగ, పొద్దు పొడుపుకు పువ్వు విచ్చినట్టు, మూత కిందికి జరిగి సందు తెరుచుకున్నది.

"లోపల బ్యాటరీ ఉన్నదా?" మంజుల అడిగింది. ఆ పిల్ల నాతోటి మాట్లాడిన మొదటి మాట అది.

"లేదు బిడ్డా. తీగ గూడ లేదు. ఆ బుడిపెల మైనం అసొంటిది ఉంటది. వేడికి కరుగుతది, కరిగితే ఉబ్బుతది, ఉబ్బి తలుపు నూకుతది. సల్లబడితే మళ్ల గడ్డకడతది, స్ప్రింగు తలుపు మూస్తది."

"ఎన్నిసార్లు?"

"బండి నడిచినన్ని దినాలు."

నలభై యేండ్లు వాటిని పీకి డబ్బాలో ఏసిన గానీ, ఒక్కటి తెరుచుకుంటుంటే కుదురుగ కూసొని చూసుడు నాకు అదే మొదలు. చిటికెడు మైనం. నిప్పు ఎంతున్నదో, నీళ్లు ఎటు పోవాలెనో దానికి ఎరుక. ఎవరు చేసిండ్రో, ఎక్కడ కూసొని ఆలోచించిండ్రో గానీ, ఆ మనిషి కనబడితే కాళ్లు మొక్కుదును.

సక్రి అవ్వ గిన్నెలోకి వంగి చూసింది. "మైనానికి గింత తెలివున్నది," అన్నది. "దీన్ని తీసి పారేసినోనికి లేకపాయె."

పొయ్యి మంట ఎక్కువైందన్నట్టు నేను కట్టె ఒకటి వెనక్కి గుంజిన.

గుట్ట

తెల్లారేసరికి వాన. ముసురు కాదు, కుండపోత. జీపు మీద తాటిపత్రి కట్టి పని మొదలు పెట్టిన. మూత కింద ఏసే కాయితం గ్యాస్కెట్ వరంగల్‌లో మరిచిపోయిన. గింత అనుభవం ఉన్నోడు గది మరుస్తడా అంటే, మరుస్తడు. మందమైన అట్ట ఏదన్న ఉన్నదా అంటే మంజుల లోపలికి పోయి తన పెండ్లి కార్డు తెచ్చింది. దాన్ని మూత మీద పెట్టి, సుత్తి గుండు కొసతోటి అంచు ఎంబడి సన్నగ కొట్టుకుంట కోసి, గ్రీసు రాసి ఏసిన. పెండ్లికొడుకు పేరు లోపలి దిక్కుకు పోయింది.

ఆఖరి బోల్టు బిగిస్తున్న. ఇంట్లోంచి సక్రి అవ్వ కేక.

"బద్రూ! మొదలైనయి!"

రెండు వారాల ముందే మొదలైనయి. నడిపి చూసే టైము లేదు. ఆ పిల్లను ఎక్కించుకొని నడుపుడే పరీక్ష. ఎనుక సీట్ల మంజుల, సక్రి అవ్వ. ముందట బద్రు, పక్కన నేను. ఒళ్లో నీళ్ల క్యాను, కాగితే రేడియేటర్‌లో పోద్దామని. ఆ క్యానును నేను పట్టుకున్న తీరు చూస్తే ఎవరికైనా తెలిసిపోతది, నా పని మీద నాకు ఎంత నమ్మకమున్నదో.

వాగు దాటినం. నీళ్లు అడుగు పలకలకు తాకినయి. గుట్ట మొదలైంది. బద్రు ఫోర్ వీల్ ఏసి లో గేర్‌లో దించిండు. ఇంజన్ మూలగవట్టింది. నా కండ్లు టెంపరేచర్ ముల్లు మీద తప్ప వేరే దాని మీద లేవు. ముల్లు లేచింది. నడిమికొచ్చింది. నడిమి దాటింది.

"యాడీ!" అని ఎనుక నుంచి మంజుల అరిచింది. వాళ్ల భాషలో అమ్మా అని.

"ఆపాల్నానే?" బద్రు అడిగిండు. చూపు రోడ్డు మీదనే ఉన్నది.

ముల్లు ఇంకో గింజంత లేచింది. ఎప్పుడూ ఆవిరి కక్కే జాగ, ఆ పెద్ద రాయి, ముంగటనే కనిపిస్తాంది. ఆపమని నోరు తెరిచిన. అప్పుడు ముల్లు ఆగింది. ఒక ఊపిరి సేపు ఆగి, వెనక్కి వచ్చింది. గింత. మళ్ల గింత. నడిమికొచ్చి కూసున్నది.

ఎవరూ ముట్టలేదు, ఎవరూ చెప్పలేదు. ఆ వానలో, ఆ బురదలో, ఇంజన్ నడుమ మైనం కరిగింది, ఒక తలుపు తెరిచింది, ఒక తలుపు మూసింది. నీళ్లు ఇన్ని దినాలకు తమ దారిన తాము పోయినయి. రాయి దాటినం. గుట్ట నెత్తి ఎక్కినం. నేను చిన్నప్పటి సంది చూసిన జాతర్లు, గోపురాలు అన్ని ఒక దిక్కు, గోటి మందం ఉండే ఆ ముల్లు వెనక్కి వచ్చుడు ఒక దిక్కు. గిది మాత్రం పెంచి చెప్తలేను.

గుట్ట మీద ఫోన్‌కు సిగ్నల్ దొరికింది. అంబులెన్స్‌ను పిలిచి తారు రోడ్డు కాడ ఆగుదామా అని బద్రు అడిగితే, సక్రి అవ్వ "నడిచే బండిని ఎందుకు ఆపుతరు, పోనియ్యి" అన్నది. పోనిచ్చినం.

దవాఖాన ముందట

మానుకోట చేరేసరికి వాన తగ్గింది. మంజులను లోపలికి తీసుకపోయిండ్రు, ఎంబడి సక్రి అవ్వ పోయింది. ఆపరేషన్ చెయ్యాలన్నరు. బద్రు, నేను బయట జీపు పక్కన నిలబడ్డం.

"బద్రూ, ఒక మాట చెప్పాలె. ఆ వాల్వ్..."

"ఖరాబు గాలే," అన్నడు బద్రు.

నేను ఆయన మొఖం చూసిన.

"ఆడ వాల్వే లేదు గదనే. నేను వంగి చూడలేదా? ఖాళీ గూట్ల పిట్ట సచ్చిపోయిందని చెప్తే నమ్ముతనా?"

"మరి అప్పుడే ఎందుకు అడగలే?"

"అడిగితే నువ్వు సంచి సదురుకొని పోతే? నా బిడ్డను గుట్ట ఎవడు దాటిస్తడు?" బద్రు తువ్వాలతోటి మొఖం తుడుసుకొని భుజం మీద ఏసుకున్నడు. "ఇప్పుడు దాటింది. ఇగ తిడుత. నిలబడు."

తిట్టిండు. మెల్లగ మొదలు పెట్టిండు, మొదటి సర్వీసు కాన్నుంచి. మంచు గడ్డ అన్న మాట కాన్నుంచి. రేడియేటర్ కడిగిచ్చింది, పంపు మార్చింది, ఎనిమిది మంది ఎక్కువైండ్రన్నది, ఒక్కటి ఇడిసిపెట్టలే. తెలుగు సరిపోని కాడ వాళ్ల భాషలో తిట్టిండు. నాకు ఆ భాష రాదు గానీ అన్ని అర్థమైనయి. సైకిల్ స్టాండు ముసలాయన బీడీ ఆర్పి మరీ విన్నడు. నా పని గురించి నలభై యేండ్లల్ల అంత వివరంగ, ఒక్క ముక్క తప్పు లేకుంట ఎవరూ చెప్పలేదు. చేతులు ఎనుకకు కట్టుకొని విన్న.

జోలె కాడికొచ్చిండు. అప్పుడే వరండాలకు సక్రి అవ్వ వచ్చింది. కొంగుతోటి చేతులు తుడుసుకుంటాంది.

"ఆడపిల్ల," అన్నది. "తల్లి మంచిగున్నది. పిల్ల గూడ మంచిగున్నది. ఏడ్సుడు ఈడిదాక వినబడ్తలేదా మీకు?"

బద్రు జీపు బానెట్ మీద రెండు చేతులు ఆనిచ్చి, తల వంచుకున్నడు. భుజాలు కదులుతున్నయి. తర్వాత తువ్వాలతోటి కండ్లు ఒత్తుకొని నా దిక్కు తిరిగిండు.

"యాడిదాక వచ్చిన?"

"జోలె కట్టిన కాడికి," అన్న.

"ఆ," అని మళ్ల అందుకున్నడు.